జిగురాకు తోడు

మా వదిన ఇల్ద్రి కొండ అవతలి లోయ నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో ఒక పాత నారగుడ్డ పీలిక ఉంది. ఎండి అట్టకట్టి, అంచుల్లో పసుపుపచ్చగా మారి ఉంది. మా అమ్మ దాన్ని మసిగుడ్డ అనుకుని పొయ్యిలో వేయబోయింది. అప్పటిదాకా తలెత్తి నాలుగు మాటలు కూడా మాట్లాడని కొత్తకోడలు ఒక్క అంగలో వచ్చి అత్తగారి చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"అది తోడు అత్తయ్యా. మా అమ్మ ఇచ్చింది," అంది, ముఖం కందిపోగా.

"గుడ్డలో తోడేమిటే?" అంది అమ్మ.

వదిన నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గోరువెచ్చని పాలలో ఆ పీలికను నానేసి, చెక్క తొట్టి మీద మూత పెట్టి, పొయ్యికి కాస్త ఎడంగా ఉంచింది. రెండో రోజుకు పాలు తోడుకున్నాయి. గరిటె పైకెత్తితే ముక్కలుగా తెగి పడలేదు. లేతపాకంలా సాగుతూ వచ్చింది. మా అన్నయ్య ఎస్తెన్ చెంచా పైకెత్తాడు, తెగలేదు. కుర్చీలోంచి లేచి నిలబడి ఇంకా పైకెత్తాడు. "గూరీ, కత్తెర పట్రా. దీన్ని కత్తిరించుకుని గాని తినలేం," అన్నాడు నాతో. వదిన మా ఇంట్లో మొదటిసారి నవ్వింది అప్పుడే.

ఇలా తీగలా సాగే తీగపాలు మా లోయకు కొత్తేమీ కాదు. ముసలివాళ్ళందరూ చిన్నప్పుడు తిన్నవాళ్ళే. కానీ ఏదో ఒక చెడ్డ ఏడు తోడు చచ్చిపోయింది, మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు. వదిన వచ్చిన ఏడాది తిరక్కుండానే ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటిలో మా ఇంటి తోడే ఉంది. ఆడవాళ్ళు గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి గుమ్మంలో మంచు దులుపుకునేవాళ్ళు. పలుచని ఎండురొట్టె నలిపి అందులో వేసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి తెలిసేది కాదు. నేలమాళిగలో పెడితే చలికాలమంతా చెడేది కాదు. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, "ఎస్తెన్ పెళ్ళాం పాలు తెచ్చిందా?" అని అడిగేవాళ్ళు. ఎక్కువ మాట్లాడని మనిషికి అదే పేరు, అదే ప్రతిష్ఠ.

మంచు కరిగాక ఆవుల్నీ మేకల్నీ తోలుకుని వదినా నేనూ కొండమీది పాకకు వెళ్ళేవాళ్ళం. బిర్చ్ చెట్లు ఎదగడం మానేసిన చోట ఉండేది మా పాక. వేసవి అంతా అక్కడే. అన్నయ్య కింద గడ్డి కోసుకుంటూ, వారానికోసారి గుర్రంతో వచ్చి వెన్నా జున్నూ దింపుకుపోయేవాడు. పాక వెనక వాలు ఎప్పుడూ తడిగా ఉండేది. పైన మంచు మిగిలినంతకాలం అక్కడ నీళ్ళు ఊరుతూనే ఉండేవి. ఆ ఊటనేలలోనే జిగురాకు మొలిచేది. అరచేతిలో పట్టేంత మొక్క. పసుపు కలిసిన ఆకుపచ్చ ఆకులు నేలకు అంటుకుని పరుచుకుని ఉంటాయి, నడుమ సన్నని కాడ మీద ఒక్క ఊదారంగు పువ్వు. ఆకు మీద వేలు పెడితే వేలు అంటుకుంటుంది. చిన్న దోమలు దాని మీద వాలి, లేవలేక అక్కడే చచ్చి ఉండేవి.

పువ్వు విచ్చకముందే వదిన ఆ ఆకులు కోసేది. కడిగేది కాదు. ఘాటు వాసన ఉండే జూనిపర్ పొద కొమ్మలు వేసి కాచిన నీళ్ళతో చెక్క తొట్టి తోమి, లోపలి గోడలంతా ఆకులతో రుద్ది, అప్పుడే పిండిన పాలు ఆ ఆకుల మీదుగా పోసి, దాంట్లో పాత తోడు కలిపేది.

"తోడు ముసలిదైపోతుంది గూరీ. ఏడాదికోసారి దానికి ఆకు చూపించాలి," అనేది.

పక్క పాకలో బేరెత్ అనే విధవరాలు ఉండేది. నోరు పెద్దది. మేమిద్దరం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. "ఇల్ద్రి పాలలో దోమల్ని కలుపుతుందే, అందుకే ఆ రుచి," అని ఊరంతా చెప్పేది. చెప్పి, గిన్నె పట్టుకుని మొదట వచ్చేది కూడా ఆవిడే.

పెళ్ళయిన చాలాకాలానికి, మా అమ్మ కూడా పోయాక గాని వదినకు బిడ్డ పుట్టలేదు. పుట్టింది ఒక్కతే, ఓస్నె. తెల్లని జుట్టు, మోకాళ్ళ మీద ఎప్పుడూ బురద. పాలు మరిపించే వయసు నుంచీ దానికి తల్లి చేతి తీగపాలే తిండి. చెంచాతో తినేది కాదు. గిన్నె ఎత్తి పట్టుకుని తాగేది. గడ్డం మీద తీగ వేలాడుతుంటే నాలుకతో అందుకోవాలని చూసేది, అన్నయ్య పడీపడీ నవ్వేవాడు.

ఓస్నెకు ఆరో ఏడు నడుస్తున్న వేసవిలో వ్యవసాయ కళాశాల నుంచి హోవర్ద్ అనే కుర్రాడు పైకి వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో, మూట నిండా గాజు గొట్టాలతో ఉన్నాడు. బేరెత్ పెద్దమ్మ పాకలో ఒక మూల అద్దెకు దిగి, రోజంతా మా వెనక వాలు మీద బోర్లా పడుకుని జిగురాకులు కోసి గొట్టాల్లో పెట్టేవాడు. మొక్క వేర్లు పెట్టేవాడు, వేర్లకు అంటిన బురద పెట్టేవాడు. అన్నిటినీ నీడపట్టున మిగిలిన మంచు కుప్పలో పాతిపెట్టేవాడు.

"ఏం బాబూ, మీ ఊళ్ళో బురద దొరకదా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఇలాంటిది దొరకదండీ."

"మంచి పిల్లను చూసి పట్టుకెళ్ళవయ్యా అంటే సీసాలో బురద పట్టుకెళ్తానంటావు. మీ అమ్మ ఏమంటుందో."

అతని చెవులు ఎర్రబడ్డాయి. వదినకు అతని మీద జాలేసి, పాకలోకి పిలిచి గిన్నెడు తీగపాలు పెట్టింది. తింటూ చెప్పాడు అతను. ఆకు మీద జిగురులో, ఆకు లోపలి నరాల్లో, వేరు చుట్టూ మట్టిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయట. ఈ మొక్క మీద ఉన్నవి పక్కనున్న పుల్లకూర మీద ఉండవట. లోయ కింద మొలిచిన జిగురాకు మీద ఉండేవి వేరట, ఇక్కడివి వేరట. చలికాలమంతా మంచు కింద మొక్క మొగ్గలా ముడుచుకుంటే, అవి కూడా దాంతోపాటే పడి ఉంటాయట.

"వాళ్ళకి చలెయ్యదా?" అంది ఓస్నె.

"చలే వాళ్ళ ఇల్లు. వెచ్చని గదిలో పెడితే చాలామంది చచ్చిపోతారు. ఒక్కొక్కరినీ విడదీసి పెంచుదామన్నా బతకరు. ఒకరు తిని వదిలిందే ఇంకొకరికి కూడు. ఊరంతా కలిసి ఉంటేనే ఊరు."

"అయితే పాలను తీగ సాగించేది అందులో ఎవరు?" అని అడిగింది వదిన.

"అదేనండీ నేను వెతుకుతున్నది. దొరుకుతుందో లేదో."

వదిన, "ఈ ఆకు తగిలిన పాలకు ఏ తెగులూ అంటదని మా అమ్మ అనేది. నిజమేనా?" అంది.

"పాలు కుళ్ళకుండా నిలవ ఉంటాయన్నది నిజమేనండీ," అన్నాడతను గిన్నె ఖాళీ చేస్తూ.

చదువుకున్నవాడు నిజమే అన్నాడని వదిన ఆ మాట శీతాకాలమంతా చెప్పుకుంది. తల్లి పోయి ఎన్నో ఏళ్ళయినా, తల్లి మాట గెలిచినట్టు సంబరపడింది.

ఆ శీతాకాలంలోనే ఓస్నె మెడ మీద, దవడ కింద రెండు గడ్డలు లేచాయి. నొప్పి లేదంది. జలుబు వల్లనేమో అనుకుని ఉన్ని గుడ్డ చుట్టాం. పిల్ల ఆటలు తగ్గించింది. మంచు మీద జారే స్కీలు తొడుక్కుని ఇంటి చుట్టూ తిరిగే పిల్ల, కిటికీ పక్కన బల్ల మీద పడుకుని ఉండేది. ఒళ్ళు చిక్కింది.

"ఇంకో గిన్నె తాగమ్మా, ఓపికొస్తుంది," అనేది వదిన.

"వద్దమ్మా."

"తాగు. కళ్ళు మూసుకుని తాగెయ్యి."

తాగేది. తల్లి చెబితే తాగకుండా ఎలా ఉంటుంది? వదిన పొద్దునా సాయంత్రమూ దగ్గర కూర్చుని గిన్నె అంచు పెదాలకు ఆనించి తాగించేది. మా ఆవులన్నిటిలోకీ బలమైన పాలు దాగ్రూస్ అనే ఆవువి. వెన్న ఎక్కువ పడేది. ఆ ఆవు పాలు వేరుగా పెట్టి, వాటినే ఓస్నెకు తోడు వేసేది.

మంచు మెత్తబడే రోజుల్లో ఓస్నె తలనొప్పి అని ఏడవడం మొదలుపెట్టింది. తిన్నది తిన్నట్టు వాంతి చేసుకుంది. వెలుతురు చూడలేకపోయింది. మెడ వంచబోతే అరిచింది. అన్నయ్య జారుడుబండిలో గొర్రెతోళ్ళు పరిచి, పిల్లను చుట్టబెట్టి పట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వదిన వెంట వెళ్ళింది. నేను ఇంట్లో ఆవుల దగ్గర ఉండిపోయాను. తిరిగి వచ్చేటప్పటికి దారి పక్క బిర్చ్ చెట్లు చిగురు వేశాయి. బండి మీద చిన్న శవపెట్టె ఉంది. వదిన పెట్టె పక్కన నడిచి వచ్చింది. బండి ఎక్కమని అన్నయ్య ఎంత చెప్పినా ఎక్కలేదట.

ఆస్పత్రి డాక్టర్ అడిగాడట, పిల్ల ఏ పాలు తాగేదని. మా ఇంటి ఆవు పాలే అని చెప్పింది వదిన. కాచేవాళ్ళా అని అడిగాడట. లేదు, తోడు వేసేవాళ్ళం అని చెప్పిందట. ఆయన అది కాగితం మీద రాసుకుని, పశువుల డాక్టర్‌కి కబురు పంపుతానన్నాడట. ఆ మాటతోనే వదినకు అర్థమైంది.

వారం తిరక్కుండా పశువుల డాక్టర్ వచ్చాడు. ఆవులన్నిటికీ పరీక్ష కోసం మెడ దగ్గర చర్మంలో సూది గుచ్చి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి చూసేసరికి దాగ్రూస్ మెడ మీద కోడిగుడ్డంత వాపు. మరో మూడు ఆవులకు చిన్నవి. దాగ్రూస్ మూతి పట్టుకుని వదిన నిలబడి ఉంది.

"దీనికి దగ్గు కూడా లేదండీ. మేత మానలేదు. అన్నిటికంటే ఇదే ఎక్కువ ఇస్తుంది," అంది.

"పొదుగులో ఉందమ్మా క్షయ. పైకి తెలియదు."

"మరి పాలు బాగానే తోడుకునేవి. తీగ బాగానే సాగేది."

డాక్టర్ చేతులు తుడుచుకుంటూ, "తోడుకుంటాయి. దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు.

ఆవుల్ని తోలుకుపోయి చంపేశారు. కొట్టం గోడలకు సున్నం కొట్టారు. చెక్క సామానంతా తగలబెట్టమన్నారు. అన్నయ్య తగలబెడతానంటే వదిన ఒప్పుకోలేదు. తొట్టెలు, గరిటెలు, మూతలు, అవతలి లోయ నుంచి తెచ్చుకున్న ఆ నారగుడ్డ, అన్నీ తనే పెరట్లోకి మోసి తనే నిప్పు పెట్టింది. పాలు పీల్చిన చెక్క ఒక పట్టాన అంటుకోదు. రోజంతా పొగ వచ్చింది. వదిన కర్రతో కదుపుతూ అక్కడే నిలబడింది. మా ఇంటి తోడు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, దాన్ని పారేయమని, తొట్టెలు తగలబెట్టమని కూడా తనే చెప్పి వచ్చింది. వేరే ఎవరైనా చెప్పి ఉండొచ్చు. నేను వెళ్తానన్నాను.

"నా చేత్తో ఇచ్చాను. నేనే చెప్పాలి," అంది.

లోయలో మరో పిల్లవాడికి కూడా మెడలో గడ్డలు లేచాయి. కోసి తీశారు, బతికాడు. ఆ పిల్లవాడి తల్లి కొట్టు దగ్గర వదినకు ఎదురైంది. నేను పక్కనే ఉన్నాను.

"మా వాడికి కుట్లు విప్పారు," అంది ఆమె. "మెడ మీద ఇంత మచ్చ. నీ తోడు మాకొద్దని అత్తగారితో అప్పుడే చెప్పాను, వింటేనా. పెద్ద పేరు కదా నీది."

"నీ కొడుకు బతికాడు కదే," అన్నాను నేను.

"ఊరుకో గూరీ," అంది వదిన. "ఆమె చెప్పనీ."

చర్చిలో మా బల్ల మీద మేం ముగ్గురమే కూర్చునేవాళ్ళం. ఎవరూ కావాలని వెలివేయలేదు. అలా జరిగింది అంతే. ఆదివారాలు కాఫీకి పిలవడం మానేశారు. పిలిచినా వదిన వెళ్ళేది కాదు, అన్నయ్య ఒక్కడే వెళ్ళడం బాగుండదని అతనూ మానేశాడు.

రెండు వేసవులు పాక తలుపు తెరవలేదు. మూడో ఏడు అన్నయ్య పరీక్ష చేయించిన ఆవుల్ని కొన్నాడు. వాటి పాలు ఎక్కువభాగం కొత్తగా పెట్టిన పాలకేంద్రానికి పోయేవి. ఇంట్లో వాడేవి కాచి వాడేవాళ్ళం. ఒకరోజు అన్నయ్య, ఆమె మొహం చూడకుండా, "పైకి వెళ్ళవా ఇల్ద్రీ? ఆవులకి మేత అక్కడే బాగుంటుంది," అన్నాడు. అతని మాటకు అర్థం మేత కాదని మాకందరికీ తెలుసు. ఆమె ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం అతను భరించలేకపోతున్నాడు.

వెళ్ళాం. వెళ్ళిన రెండో రోజే వదిన వెనక వాలు మీద కనపడింది, ఒడినిండా జిగురాకులతో. పాలు కాచి, చల్లార్చి, కొత్త తొట్టి గోడలకు ఆకులు రుద్ది పోసింది. పాలు విరిగి నీళ్ళు తేలాయి. మళ్ళీ పోసింది. చేదెక్కాయి. ఒకసారి బాగానే తోడుకుని పుల్లని వాసన వచ్చింది, కానీ గరిటె ఎత్తితే ముక్కలుగా తెగి పడింది. ఆ వేసవంతా అంతే. తరువాతి వేసవీ అంతే. తెల్లారకముందే లేచి, మంచు అంచున మొలిచినవి కోసేది, ఎండ తగిలేవి కోసేది, వేళ్ళతో సహా పెకలించి తెచ్చేది. చేతులు ఆ చల్లని బురదలో నాని చర్మం పగిలిపోయింది. ఒకరోజు పట్టుకుని అడిగాను.

"ఎందుకు వదినా ఇదంతా? ఇంట్లో ఎవరు తింటారని?"

"తినడానికి కాదు గూరీ."

"మరి?"

"ఆకులో ఆ గుణం నిజంగా ఉందా, లేదా? మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ చెప్పింది. ఆకులో ఉందని నమ్మే కదా నేను పాలు కాచకుండా పెట్టాను. అది అసలు ఉందో లేదో నాకు తెలియాలి. లేకపోతే నేను ఏ ధైర్యంతో పెట్టినట్టు నా బిడ్డకి?"

నేను ఆమె ముందు కూర్చున్నాను. ఆ ఆకులు ఆమె ఒడిలోంచి తీసి, ఆమె చేతులు కడిగాను, అంతే.

ఆ వేసవి చివర్లో హోవర్ద్ మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేశాడు, వేలికి ఉంగరం ఉంది. ఓస్నె సంగతి అతనికి దారిలోనే ఎవరో చెప్పారు. పాక ముందు టోపీ తీసి నిలబడ్డాడు గాని లోపలికి రాలేకపోయాడు. వదినే బయటికి వచ్చి అతన్ని వెనక వాలు మీదకు తీసుకెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను.

"నేను అడిగేదానికి సూటిగా చెప్పు బాబూ. ఈ ఆకులో ఉన్నవే చంపాయా నా బిడ్డని?"

"లేదమ్మా. అది ఆవు నుంచి వచ్చింది. వీటికి ఏ పాపమూ తెలియదు."

"మరి ఇవి ఎందుకు ఊరుకున్నాయి? అదే తొట్టిలో ఉన్నాయి కదా. తెగులు అంటదంటే నిజమే అన్నావు."

"పాలు కుళ్ళవు అన్నాను అమ్మా." అన్నాడతను. "అంతే అన్నాను. ఇవి మనకోసం ఉండవు. ఎవరికీ కాపలా కాయవు. ఇక్కడ చలిలో, తడిలో బతకడానికి ఎన్నో తంటాలు పడి బతుకుతాయి. పాలు వాటికి ఇంకో చోటు, అంతే. పక్కన ఏముందో వాటికి పట్టదు."

"పోనీ, పాలలో తీగ సాగించేది దొరికిందా? ఆకులో ఉందా అది?"

అతను వంగి ఒక జిగురాకును వేలితో తాకాడు. "ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన ఆకుల్లో, వేళ్ళలో ఎన్నో రకాలు దొరికాయి. పేర్లు కూడా లేనివి ఉన్నాయి. కానీ అప్పుడు పట్టుకెళ్ళిన మీ పాలలో కనపడింది మాత్రం ఏ ఆకులోనూ దొరకలేదు. ఎప్పుడో ఒకసారి ఆకు నుంచే వచ్చిందేమో. లేక చెక్కలోంచో, చేతుల్లోంచో వచ్చిందేమో. మీ తోడులో మాత్రం ఉండేది. ఇప్పుడు అదీ లేదు కాబట్టి..."

"ఆకుతో పనే లేదన్నమాట."

"ఉండకపోవచ్చు."

వదిన తల ఊపింది. అతనికి కాఫీ ఇచ్చింది, రొట్టె ఇచ్చింది, దిగేటప్పుడు బురదలో కాలు పెట్టొద్దని దారి చెప్పింది. అతను వెళ్ళాక పాకలోకి వచ్చి, తోడు వేసి ఉన్న తొట్టిని బయట పారబోసి, బల్ల మీద తల ఆనించి పడుకుంది. ఆవులు పాలకు అరుస్తుంటే నేనొక్కదాన్నే వెళ్ళి పిండాను. మర్నాటి నుంచి ఆమె వాలు వైపు వెళ్ళలేదు. జున్ను చేసింది, వెన్న తీసింది, అడిగితే బదులు చెప్పింది. అంతకుమించి ఆమెలో ఏమీ కనపడేది కాదు.

ఆవుల్ని కిందికి తోలుకొచ్చిన కొన్నాళ్ళకు బేరెత్ పెద్దమ్మ ఇంటికి వచ్చింది. శాలువా చాటున చిన్న గిన్నె. అటూ ఇటూ చూసి వదిన ముందు పెట్టింది.

"తిట్టుకోకే ఇల్ద్రీ. నువ్వు తగలబెట్టమన్నావు గానీ నేను తగలబెట్టలేదు. నేలమాళిగలో దాచాను. మా ఆవులకు జబ్బు లేదని డాక్టర్ చెప్పాక మళ్ళీ తోడు వేసుకుంటున్నాను. నీదే ఇది. నువ్వు పైన ఆకులతో అవస్థ పడుతుంటే చూడలేకపోయాను."

వదిన గిన్నెలోకి చూసింది. వేలు పెట్టి ఎత్తింది. వేలి నుంచి గిన్నె దాకా తీగ.

"మీ మనవడు తింటాడా ఇది?" అని అడిగింది.

"ఎందుకు తినడే, రోజూ తింటాడు. గుర్రంలా ఉన్నాడు వెధవ."

పెద్దమ్మ మంచికే అంది. అన్నాక తన మాట తనకే వినపడి, నోటికి శాలువా అడ్డం పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

వదిన పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. ఆ సాయంత్రం పాలు కాచి చల్లార్చి అందులో పెద్దమ్మ ఇచ్చింది కలిపింది. ఆకు వేయలేదు. రెండో రోజుకు తొట్టి నిండా తీగపాలు, మునుపటి కంటే చిక్కగా. భోజనాల వేళ మూడు గిన్నెలు బల్ల మీద పెట్టింది. అన్నయ్య మొహం విప్పారింది. ఇన్నేళ్ళకు ఇంట్లో ఏదో మంచి జరిగినట్టు రొట్టె నలిపి వేసుకున్నాడు. చెంచా ఎత్తాడు. తీగ సాగింది. అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నోటి దాకా తీసుకెళ్ళాడు, మళ్ళీ దించాడు. మళ్ళీ ఎత్తాడు. వదిన అతన్నే చూస్తోంది.

"బాగుంది," అన్నాడు, తినకుండానే. చెంచా గిన్నెలో పెట్టి, లేచి బయటికి వెళ్ళాడు. కట్టెల కొట్టం దగ్గర గోడకు ముఖం ఆనించి నిలబడి ఉండడం కిటికీలోంచి కనపడింది.

నేను తిందామని చేయి చాపాను, వదిన కోసమైనా. ఆమె నా చేయి పట్టుకుంది. "వద్దు గూరీ. నా చేత్తో ఇంకెవరికీ పెట్టను." తొట్టి ఎత్తుకుని వెళ్ళి పంది దొడ్లో పారబోసింది. తరువాత తొట్టిలో మరుగుతున్న నీళ్ళు పోసి, చల్లారితే మళ్ళీ మరిగించి పోసి, పొద్దుపోయేదాకా ఆ పనిలోనే ఉంది.

తరువాతి వసంతంలో ఆమె పాలకేంద్రంలో పనికి చేరింది. ఊళ్ళ నుంచి వచ్చే డబ్బాలను ఆవిరితో కడిగే పని. మా ఇంట్లో ఆడవాళ్ళు బయట పనికి వెళ్ళడం అదే మొదలు. అన్నయ్య వద్దనలేదు. ఆ గదిలో ఊపిరి ఆడేది కాదు, ఆవిరికి జుట్టు ఎప్పుడూ తడిగా ఉండేది. ఇంకెవరూ అక్కడ నెల కంటే ఎక్కువ నిలవలేదు. ఆమె ఏళ్ళ తరబడి చేసింది. ఒకసారి భోజనం తీసుకెళ్తే, బయటికి వచ్చి చలిలో కూర్చోమన్నాను.

"ఇక్కడే నయం. దీని కింద ఏదీ బతకదు," అంది, ఆవిరి గొట్టం చూపించి.

ఇంట్లో అన్నయ్యా ఆమే ఒక బల్ల దగ్గర తినేవాళ్ళు, ఒక గదిలో పడుకునేవాళ్ళు. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు, పోట్లాడలేదు. కానీ ఓస్నె పేరు ఆ ఇంట్లో మళ్ళీ పలకలేదు. కొండమీది పాక పైకప్పు కూలిందని ఎవరో చెబితే అన్నయ్య, "కూలనీ," అన్నాడు. వదిన పాలు ముట్టడం పూర్తిగా మానేసింది. కాఫీ నల్లగానే తాగేది.

ఆమె ఒక శీతాకాలంలో, బాగా గాలి వీచిన రోజున, పని నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ ఒరిగిపోయింది. నేలంతా గడ్డకట్టి ఉంది, గొయ్యి తవ్వడానికి గునపం దిగలేదు. మంచు కరిగేదాకా పెట్టెను చర్చి పక్కనున్న చెక్క కొట్టంలో ఉంచారు. అన్నయ్య ఆదివారం ఆదివారం వెళ్ళి ఆ కొట్టం తలుపు ముందు టోపీ పట్టుకుని నిలబడి వచ్చేవాడు. తాళం తీస్తాను, లోపలికి వెళ్ళమని చర్చి మనిషి ఒకసారి అన్నాడు. అన్నయ్య వద్దన్నాడు.